రైడింగ్ మోవర్‌తో గడ్డి, రాలిన ఆకులు ఎత్తడం: తిరుపతి నేలకు సరిపడే సమగ్ర మార్గదర్శి

మా వైపు కసువు అనే మాటకు రెండర్థాలు. పెరిగే గడ్డీ కసువే, వాకిట్లో చిమ్మి ఎత్తిపోసే చెత్తా కసువే. రైడింగ్ మోవర్, అంటే మీద కూర్చుని నడిపే గడ్డికోత బండి, దాని వెనక సంచి తగిలించుకుని లాన్‌లోకి దిగినవాడు ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంటాడు. కోత దగ్గర పెద్దగా ఎవరికీ ఇబ్బంది రాదు. చిమ్మే దగ్గరే బండి మొరాయిస్తుంది.

నేను తిరుపతి చుట్టుపక్కల కాలేజీ మైదానాలు, లేఅవుట్ పార్కులు, పెళ్లి లాన్‌లు చూసుకునే పనిలో ఉన్నాను. మోవర్ గురించి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "సంచి నిండట్లేదు సామీ. గడ్డంతా వెనకాలే పడిపోతా ఉంది." అప్పటికే వాళ్లు బెల్టు మార్చి ఉంటారు. ఒకరిద్దరు ఇంజను కూడా విప్పించి ఉంటారు. చూస్తే ఇంజను బంగారంలా ఉంటుంది. ఆగిపోయింది గాలి.

ముందు ఈ గాలి సంగతి అర్థమైతే మిగతా పనంతా తేలికైపోతుంది. సంచి దేన్నీ లాక్కోదు. డెక్ కింద, అంటే బ్లేడు మీద బోర్లించినట్టుండే రేకు కప్పు కింద, తిరిగే బ్లేడు కొసన వెనకవైపు అంచు పైకి వంగి ఉంటుంది, దాన్ని మేం రెక్క అంటాం. ఆ రెక్కే ఫ్యాను. అది నేలమీది గాలిని పైకి లేపుతుంది, దాంతో గడ్డి నిటారుగా నిలబడి తెగుతుంది, తెగిన ముక్క అదే గాలిలో గొట్టం గుండా సంచిలో పడుతుంది. తర్వాత గాలి సంచి గుడ్డలోని సన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు పొట్టును గాలి మోసుకుపోతుంది చూశారా, అదే పని ఇక్కడ ఒక పెట్టెలో జరుగుతోంది. నేల, డెక్, గొట్టం, సంచి, సంచి రంధ్రాలు. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా గడ్డి మీ వెనకే రాలుతుంది.

అసలు ఎత్తాలా, వదిలేయాలా

ప్రతి కోతకూ సంచి తగిలించనక్కర్లేదు. సన్నగా తెగిన గడ్డి ముక్కల్లో ఎండు బరువు మీద దాదాపు 4 శాతం నత్రజని ఉంటుంది. వాటిని లాన్‌లోనే వదిలేస్తే ఏడాదికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు దాకా తిరిగి నేలకే చేరుతుంది. యూరియా బస్తా కొనేవాడికి ఇది చిన్న మాటేమీ కాదు.

ఎత్తక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వానల్లో వారం రెండు వారాలు కోత తప్పి గడ్డి మోకాలి దిగువ దాకా వచ్చేసినప్పుడు. వయ్యారిభామ పూత మీద ఉన్నప్పుడు, తుంగ గింజ పట్టినప్పుడు. లాన్‌లో తెగులు మచ్చలు కనిపించినప్పుడు. ఇక పెళ్లి లాన్‌ల సంగతి వేరు. సాయంత్రం రిసెప్షన్ ఉందంటే, పట్టుచీర కుచ్చిళ్లకు పచ్చి గడ్డి ముక్కలు అంటుకున్నాయని ఒక్కరు అన్నా చాలు, వచ్చే నెల కాంట్రాక్టు ఉండదు. అక్కడ ఒక్క పరక కూడా మిగలకూడదు. ఆకులు దట్టంగా రాలి గడ్డిని కప్పేసినా అంతే, ఎత్తాల్సిందే. వెలుతురు అందక కింద గడ్డి పసుపురంగుకు తిరుగుతుంది.

మన నెలలు వేరు

బండితో వచ్చే పుస్తకం చలి దేశాల వాళ్లకోసం రాసింది. ఆకురాలు కాలం అంటే అక్టోబరు, నవంబరు అని అందులో ఉంటుంది. తిరుపతిలో అక్టోబరు, నవంబరు అంటే ఈశాన్య రుతుపవనం. ఏడాదిలో గట్టి వానలు అప్పుడే పడతాయి, గడ్డి పోటీపడి పెరుగుతుంది. ఆకులు రాలేది ఆ తర్వాత. డిసెంబరు చివర్లో టేకుతో మొదలై, ఫిబ్రవరి, మార్చిలో వేప, రావి, కానుగ దులిపేస్తాయి. ఉగాదికి వేప పూత రావాలంటే ముందు చెట్టు బోడి కావాలి కదా.

అంటే పచ్చి సరుకు ఒక కాలంలో, ఎండు సరుకు ఇంకో కాలంలో వస్తుంది. ఎరువు దిబ్బ దగ్గర ఈ తేడాయే మనల్ని ఇబ్బంది పెడుతుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ఇప్పటికి ఒకటి గుర్తుపెట్టుకోండి: ఫిబ్రవరిలో ఎత్తిన ఎండాకుల్ని పారేయకండి.

రోజులో సమయం కూడా చూసుకోవాలి. డిసెంబరు, జనవరిలో పొద్దున మంచు పడుతుంది. తొమ్మిదిన్నర, పది దాకా ఆగి, గడ్డి మీద చేయి రాసి చూడండి. అరచేయి తడిసిందంటే ఇంకో అరగంట టీ తాగండి. మేలో మంచు బాధ లేదు కానీ 40 డిగ్రీలు దాటే ఎండలో బండి మీద మనిషి ఉండలేడు. ఆరింటికి దిగి తొమ్మిదింటికి ముగించేయాలి. ముందురోజు సాయంత్రం స్ప్రింక్లర్లు వేయొద్దని తోటమాలికి చెప్పి పెట్టుకోండి. ఈ ఒక్క మాట చెప్పడం మరిచిపోయి నేను వృథా చేసుకున్న పొద్దున్నలు చాలానే ఉన్నాయి. చంద్రగిరి దగ్గర ఒక తోటలో పనిచేసే పెద్దాయన నా అవస్థ చూసి, "తడి కసువు చీపురుకే రాదు నాయనా, నీ బండికెట్లా వస్తాది?" అన్నాడు.

దిగే ముందు ఒక చుట్టు నడవండి

చేతిలో పొడవాటి కర్ర, కాళ్లకు బూట్లు. ఆకులు కుప్పగా చేరిన చోటల్లా కర్రతో కదిలించి రెండు క్షణాలు ఆగాలి. శేషాచలం అడుగున ఉన్న లేఅవుట్లలో ఇది లాంఛనం కాదు. రక్తపింజరి ఎండాకుల్లో పడుకుంటే దాని ఒంటిమీది మచ్చలకూ ఆకులకూ తేడా తెలియదు. తేళ్లు సరే సరి.

ఆ నడకలోనే రాళ్లు, కొబ్బరి మట్టలు, పైపు ముక్కలు, షామియానా వాళ్లు వదిలేసిన మేకులు, బైండింగ్ వైరు ఏరేయండి. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం మోవర్ బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. ఆ పరిమితిలోపే తిరిగినా, గులకరాయి తగిలిందంటే అది తూటాతో సమానం. కోసేటప్పుడు పిల్లలు, చూసేవాళ్లు ఎవరూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

పల్లేరు ఉందేమో కూడా చూడండి. ఎర్రనేలల్లో లాన్ అంచుల వెంబడి అది పాకుతుంది. దాని ముల్లు మోవర్ ముందు టైర్లలో దిగితే గాలి మెల్లగా దిగిపోతుంది. ఒక పక్క టైరులో గాలి తగ్గితే డెక్ ఆ పక్కకి వాలుతుంది, కోత ఏటవాలుగా వస్తుంది, గాలి ఒకవైపునుంచి బయటికి చీదేస్తుంది. కారణం టైరులో ఉంటే మనం బ్లేడును తిడుతూ కూర్చుంటాం. చాలా బండ్లకు ముందు టైర్లలో 14, వెనక టైర్లలో 10 నుంచి 12 పీఎస్‌ఐ సరిపోతుంది. మీ బండి సంఖ్య టైరు పక్కన లేదా పుస్తకంలో ఉంటుంది. పంక్చరు షాపులో కారు లెక్కన 30 కొట్టించుకుని రాకండి.

బండిని సిద్ధం చేయడం

తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, ఇంజను స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. ఆ తర్వాతే చేయి డెక్ కిందికి వెళ్లాలి.

బ్లేడు దగ్గర రెండు విషయాలు చూడాలి. ఒకటి పదును. 20, 25 గంటల పనికి ఒకసారి సాన పట్టించాలి. మొండి బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. రెండోది రెక్క, దీన్ని ఎవరూ చూడరు. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మైదానాల్లో నేల ఇసుక. బ్లేడు లేపిన గాలితో పాటు ఇసుకా లేస్తుంది, రెక్కను ఆకురాయిలా అరగదీస్తుంది. అంచు పదునుగానే కనిపిస్తుంది, రెక్క మాత్రం అప్పడంలా పలచబడి ఉంటుంది. అలాంటి బ్లేడు ఎంత తిరిగినా గాలి లేపదు, పైగా విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. పారేసి కొత్తది వేయండి. కొనేటప్పుడు సంచితో వాడటానికని అడిగి, రెక్క ఎక్కువ ఎత్తు ఉన్న హైలిఫ్ట్ బ్లేడు తీసుకోండి. మల్చింగ్ బ్లేడు గడ్డిని డెక్ కిందే తిప్పి తిప్పి ముక్కలు చేసే రకం. అది సంచిని సరిగా నింపదు.

బిగించేటప్పుడు రెక్క డెక్ వైపు, అంటే ఆకాశం వైపు చూడాలి. నేను మొదటిసారి బ్లేడు మార్చినప్పుడు తలకిందులుగా బిగించాను. బండి హోరు అదిరిపోయింది, గడ్డి మాత్రం పరుపులా పడుకుంది.

డెక్ లోపల చూడండి. ఎండి గట్టిపడ్డ గడ్డి పెచ్చు వేలు మందం ఉందంటే గాలి తిరిగే చోటంతా అది తినేసినట్టే. చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గీకుడు కర్రతోనో పూర్తిగా గీకేయండి. కడిగి ఆరబెట్టి సిలికాన్ స్ప్రే కొడితే కొన్నాళ్లు అంటుకోదు. కొందరు పాత ఇంజనాయిలు పూస్తారు. దానికి దుమ్ము పట్టి ఇంకా గట్టిపడుతుంది, చుక్కలు పడ్డ చోట గడ్డి మాడిపోతుంది. ఆ పని చేయకండి.

డెక్ వాలు కూడా కొలవాలి. బండిని గచ్చు మీద నిలిపి బ్లేడు కొస నుంచి నేలకు ఎత్తు చూడండి. ఎడమ కుడి రెండూ సమానంగా ఉండాలి, 3 మిల్లీమీటర్ల తేడా దాకా పర్వాలేదు. ముందు కొస వెనక కొసకన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి.

ఇక సంచి. ఈ సంచి దగ్గర నేను నెల రోజులు మోసపోయాను, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఒక వానాకాలం షెడ్డులో ఎలుకలు మోవర్ సంచిని కొరికేశాయి. కొత్తది తెప్పిస్తే ఖర్చు, రావడానికి వారాలు. ఎందుకులే అని లారీ పట్టలు కుట్టే అతని దగ్గరికి వెళ్లి, పాతదాని కొలతలిచ్చి మంచి మందం పట్టతో కుట్టించాను. బ్రహ్మాండంగా కుట్టాడు, చుక్క నీరు కూడా కారదు. తొలిరోజే పావు సంచి నిండేసరికి గొట్టం ఇరుక్కుపోయింది. గొట్టం శుభ్రం చేశాను, మళ్లీ ఇరుక్కుంది. బ్లేడు మార్చాను, బెల్టు మార్చాను. నెల తర్వాత ఒకరోజు ఇంజను తిరుగుతుండగా పక్కన నిలబడి చూస్తే, ఆ సంచి పండగనాటి బూరెలా ఉబ్బి ఉంది. గాలి లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు. నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే మరి. పక్కలు రెండూ కత్తిరించి నర్సరీల్లో వాడే షేడ్‌నెట్ కుట్టించాను. ఆ మధ్యాహ్నమే సంచి అంచుల దాకా నిండింది.

కొన్న సంచికీ ఇదే జబ్బు మెల్లగా వస్తుంది. ఎండాకుల పొడి, ఎర్రమట్టి దుమ్ము కలిసి రంధ్రాలను పూడ్చేస్తాయి. సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని లోపలినుంచి చూడండి. చుక్కల్లా వెలుగు కనిపించాలి. కనిపించకపోతే తిరగేసి కర్రతో దులిపి, పైపుతో బయటినుంచి లోపలికి నీళ్లు కొట్టి, పూర్తిగా ఆరాకే తగిలించండి. ఆకుల కాలంలో నేను రోజూ దులుపుతాను, వారానికోసారి కడుగుతాను.

కోత, ఎత్తుడు

ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకన్నా ఎక్కువ తీయకూడదు. ఆరు సెంటీమీటర్లుంటే నాలుగుకు దించాలి. వానలకు పదిహేను సెంటీమీటర్లు పెరిగిపోయి ఉంటే డెక్ ఎత్తు మార్చే మీటను అన్నిటికన్నా పై గీతలో పెట్టి ఒకసారి కోసి ఎత్తండి, రెండు మూడు రోజులు ఆగి ఇంకో గీత దించండి. గరిక లాన్ అయితే తొందరగా కోలుకుంటుంది కానీ ఒకేసారి మొదలుదాకా కోస్తే దానికీ కాండం బయటపడి గోధుమరంగు మచ్చలు వస్తాయి. సంచికీ ఈ నియమమే మేలు, కొంచెం కొంచెంగా వచ్చే గడ్డిని గాలి సులువుగా మోస్తుంది.

బ్లేడు ఆన్ చేశాక రేసు పూర్తిగా ఇవ్వండి. పెట్రోలు పొదుపని సగం రేసులో నడిపేవాళ్లను రోజూ చూస్తుంటాను. సగం రేసు అంటే సగం గాలి, ఇరుక్కున్న గొట్టం, మళ్లీ అదే చోట రెండోసారి తిరగడం. పొదుపు ఎక్కడుంది ఇందులో? వేగం తగ్గించాల్సింది చక్రాల దగ్గర. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. పక్కన నడిచే మనిషి ఆయాసపడకుండా మీతో మాట్లాడుతూ రాగలిగితే ఆ వేగం సరైనదే. గడ్డి దట్టంగా ఉన్న చోట ఇంకా తగ్గించండి, లేదా డెక్ వెడల్పులో సగమే గడ్డి మీదికి పోనివ్వండి.

ముందు అంచు చుట్టూ రెండు చుట్లు తిరగండి, ఆ చోటు తర్వాత బండి తిప్పుకోవడానికి ఉంటుంది. తర్వాత పొడవు వైపు గీతలు గీసినట్టు, ఒక్కో గీత ముందుదాని మీదికి నాలుగు వేళ్లు ఎక్కేలా నడపండి. మలుపు దగ్గర వేగం తగ్గించాలి, రేసు కాదు.

చెవి పెట్టి వినడం నేర్చుకోండి. గడ్డి సంచిలో సవ్యంగా పడుతుంటే చేటతో బియ్యం చెరిగినట్టు సరసరమంటుంది. సంచి నిండుతున్నప్పుడు ఆ చప్పుడు మందగిస్తుంది. పూర్తిగా ఆగి, డెక్ లోపలినుంచి దబదబమని వినిపిస్తే గొట్టం నిండినట్టు. అప్పటికి మీ వెనక ఒక పచ్చటి గీత కూడా పడి ఉంటుంది. అది కనిపించేదాకా ఆగేవాడు ఆ గీతను చీపురుతో ఎత్తుకోవాలి.

వాలు మీద పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. 15 డిగ్రీలకు మించిన వాలు రైడింగ్ మోవర్‌కు వద్దు. వెనక సంచి ఉన్న బండికి ఇంకో ప్రమాదం ఉంది. సాధారణంగా ఈ సంచులు 200 నుంచి 300 లీటర్లు పడతాయి. పచ్చి గడ్డితో నిండితే బరువు 50 కిలోలు దాటొచ్చు. అదంతా వెనక చక్రాల అవతల వేలాడుతుంది కాబట్టి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు. ఎక్కుడు ఉన్న చోట సగం సంచికే ఖాళీ చేసుకుని రండి.

చెట్టును బట్టి ఆకు

వేపాకు మోవర్‌కు వరం. రెమ్మ నుంచి విడిపోయి సన్నగా రాలుతుంది, గాలికి ఇట్టే లేస్తుంది. డెక్ ఒక గీత పైకెత్తి పూర్తి రేసులో ఒక్క తిరుగుడు చాలు. కానుగ, రావి కూడా పర్వాలేదు.

మామిడాకు తోలులా ఉంటుంది. దట్టంగా ఉంటే గొట్టంలో ఒకదాని మీద ఒకటి విస్తరాకుల కట్టలా పేరుకుంటుంది. బాదం ఆకు అంతకన్నా మొండిది, పైగా ఏడాదికి రెండుసార్లు రాలుతుంది. టేకాకు గురించి చెప్పనే అక్కర్లేదు, మూర పొడవున్న ఆకు అరచేయంత గొట్టంలోకి ఎలా దూరుతుంది? వీటికి రెండు తిరుగుళ్లు కావాలి. మొదటిసారి సంచి తీసేసి, డెక్ పక్కన సరుకు బయటికి వదిలే మూతి మీద దాన్ని కప్పే రేకు తప్పకుండా ఉంచి, ఆకుల మీదుగా నడిపి ముక్కలు చేయండి. రెండోసారి సంచి తగిలించి ఎత్తండి. ముక్కలు చేశాక పది సంచుల సరుకు మూడు నాలుగు సంచుల్లోకి వస్తుంది, కాబట్టి ఆ మొదటి తిరుగుడు దండగ కాదు.

నిద్రగన్నేరు కింద నడిపేటప్పుడు కాయలు ముందే చీపురుతో పక్కకి తోయించండి. వాటి గుజ్జు తీపి జిగురు. పశువులకు ఇష్టం, డెక్‌కు కాదు. ఒకసారి అంటుకుంటే దానిమీద ఆకుల పొడి అట్టకట్టి ఉలితో చెక్కాల్సి వస్తుంది.

ఆకుల పని అంటే దుమ్ము. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు, చెవులకు రక్షణ పెట్టుకోండి. పనిలో ఉన్న మహిళలు చీర కొంగు, చున్నీ గట్టిగా చుట్టుకుని దగ్గరికి రావాలని చెప్పండి.

ఎకరాల కొద్దీ చెట్ల కింద పచ్చికైతే సంచి మానేసి, బండి వెనక కట్టి లాగే లాన్ స్వీపర్ చూడండి. దానికి ఇంజను ఉండదు, చక్రాలు తిరిగితే బ్రష్షులు తిరిగి ఆకుల్ని వెనక గుడ్డ తొట్టిలోకి విసురుతాయి. బ్రష్షు కొసలు గడ్డిలోకి ఒక సెంటీమీటరు దిగేలా ఎత్తు పెట్టుకోవాలి. దీన్ని మాత్రం కొంచెం చురుగ్గానే లాగాలి. మామిడి తోటలో ఇది సంచికన్నా మెరుగు. తడి ఆకుల మీద రెండూ ఒకటే, రెండూ పనికిరావు.

ఇరుక్కున్నప్పుడు

బ్లేడు ఆపండి, రేసు తగ్గించండి, బ్రేకు వేసి ఇంజను ఆపండి, తాళంచెవి తీయండి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. అప్పుడు దిగండి. గొట్టం ఊడదీసి కర్రతో తోయండి, చేత్తో కాదు.

రైడింగ్ మోవర్ సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి లేస్తే ఇంజను ఆగిపోతుంది. చాలా బండ్లలో సంచి ఊడినా బ్లేడు ఆగిపోయేలా ఇంకో స్విచ్ ఉంటుంది. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు మా బండి "మాటిమాటికీ ఆగిపోతోంది" అని మా కుర్రాళ్లు రిపేరుకిచ్చారు. మెకానిక్ సీటు స్విచ్ వైర్లు రెండూ కలిపేసి పంపాడు. బండి ఆగడం మానేసింది, అందరూ సంతోషించారు. మూడో రోజు గొట్టం ఇరుక్కుంటే ఒక కుర్రాడు అలవాటుగా సీటు దిగి, ఇంజను అదే ఆగుతుందిలే అనుకుని, డెక్ పక్కన కాలితో తన్నాడు. చెప్పు ముందు భాగం తెగి పోయింది. వేళ్లు మిగిలాయి. ఆ చెప్పు ఇప్పటికీ మా షెడ్డు గోడకు మేకుకు కొట్టి ఉంది, కొత్తగా చేరినవాళ్లకు ముందు దాన్నే చూపిస్తాను. మీ బండి స్విచ్‌లు పనిచేస్తున్నాయో లేదో నెలకోసారి చూసుకోండి. బ్లేడు ఆఫ్‌లోనే ఉంచి, బ్రేకు వేయకుండా, సీటు మీదినుంచి కొద్దిగా లేవండి. ఇంజను ఆగాలి.

మాటిమాటికీ ఇరుక్కుంటుంటే మళ్లీ గాలి దారి వెంబడి వెతకండి. గడ్డి తడిగా ఉందా, రేసు పూర్తిగా ఉందా, డెక్ కింద పెచ్చు ఉందా, రెక్క అరిగిందా, సంచి రంధ్రాలు పూడాయా. నేను సంచి నుంచే మొదలుపెడతాను, ఎందుకో మీకు తెలుసు.

ఎక్కడ పోయాలి

ప్రతి సంచికీ బండిని మైదానం చివరి దాకా తిప్పితే సగం పొద్దు దారికే పోతుంది. మధ్యలో పాత టార్పాలిన్ పట్ట పరిచి దానిమీద బోర్లించండి, ఇద్దరు నాలుగు కొసలూ పట్టుకుని ఈడ్చుకుపోతారు.

తగలబెట్టే ఆలోచన మానుకోండి. ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే తోట చెత్తను మన ఆవరణలోనే వేరుగా ఉంచాలని, వీధుల్లోనో ఖాళీ స్థలాల్లోనో కాల్చకూడదని ఉంది. భోగి మంటకు రెండు సంచులు ఇమ్మని పిల్లలొస్తే ఏం చేయాలో మీ ఇష్టం.

పాలవాళ్లు పశువులకని పచ్చి గడ్డి అడుగుతారు. నేను ఇవ్వను. మోవర్ కోసిన గడ్డి ముక్కలు సన్నగా ఉండి గంటల్లోనే వేడెక్కి పులుస్తాయి, అందులో చాక్లెట్ కవర్లు, వైరు ముక్కలు తెలియకుండా కలిసిపోతాయి. కలుపు మందు కొట్టిన లాన్ అయితే మరీ ప్రమాదం. అలాంటి గడ్డి మొదటి రెండు మూడు కోతలు కూరగాయల మడుల్లో కూడా వేయకూడదు.

మందు తగలని గడ్డి, ఆకులు మామిడి పాదుల్లో వేయవచ్చు. ఎండాకుల ముక్కలు నాలుగు వేళ్ల మందం, పచ్చి గడ్డి అయితే వేలు మందానికి మించకుండా. మందంగా వేస్తే పచ్చిది జిగటగా కుళ్లి వాసనొస్తుంది. మొదలుకు జానెడు దూరం వదలండి. ఎర్రనేలల్లో చెదలకు ఆ జానెడు ఖాళీయే అడ్డు.

మిగిలిందంతా దిబ్బకు. గడ్డిలో కర్బనం, నత్రజని నిష్పత్తి 15 నుంచి 20కి ఒకటి, ఎండాకుల్లో 40 నుంచి 80కి ఒకటి. బాగా మాగాలంటే మొత్తం కలిపి 25, 30కి ఒకటి దగ్గర ఉండాలి. కొలత తేలికే: ఒక గంప పచ్చి గడ్డికి రెండు మూడు గంపల ఎండాకులు. చిక్కల్లా మన నెలలతోనే. నవంబరులో గుట్టలకొద్దీ పచ్చి గడ్డి ఉంటుంది, కలపడానికి ఎండాకు ఉండదు. ఉత్త గడ్డి పోస్తే దిబ్బ కాదు, ఊరంతా వాసన. అందుకే ఫిబ్రవరిలో ముక్కలు చేసి ఎత్తిన ఆకుల్ని ఖాళీ యూరియా బస్తాల్లో కుక్కి, మూతి కట్టి, చూరు కింద పెడతాను. వానల్లో ఒక సంచి గడ్డి వచ్చిందంటే రెండు బస్తాలు విప్పడమే. వాటిని పెట్టడానికి చోటు లేదని ఎవరైనా అంటే, ఎరువు కొనడానికి డబ్బుందా అని అడుగుతాను.

దిబ్బ కనీసం మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలి, అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. పొరల మధ్య పేడనీళ్లు చల్లండి. పిడికిట నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. మూడో రోజుకు లోపల గుచ్చిన ఇనుప కడ్డీ బయటికి తీస్తే చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. 55 డిగ్రీలు దాటిన వేడి మూడు రోజులు నిలిస్తే కలుపు గింజలు చాలావరకు చస్తాయి, అయితే అంచుల్లో ఉన్నవి బతికిపోతాయి కాబట్టి వారానికోసారి తిరగేయాలి. తుంగ గడ్డలు మాత్రం ఇందులో వేయకండి. వాన పడితే కొబ్బరి మట్టలు కప్పండి. ముక్కలు చేసిన ఆకైతే రెండున్నర, మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. మామిడి, టేకు ముక్కలు ఇంకా అలాగే కనిపిస్తే జల్లెడ పట్టి తర్వాతి దిబ్బలో వేసేయండి.

పని అయ్యాక

ఇంజను చల్లారడానికి ఇరవై నిమిషాలివ్వండి. తర్వాత సైలెన్సర్ చుట్టూ, బెల్టు మూతల కింద, ఇంజను పైన గాలి పీల్చే జాలీ మీద చేరిన ఆకుల పొడిని బ్లోయర్‌తో ఊదేయండి. వేడి సైలెన్సర్ మీద ఎండు వేపాకు పొడి చేరితే పొగ రావడానికి ఎంతోసేపు పట్టదు. ఆకుల కాలంలో మేం పని మధ్యలో కూడా ఒకసారి ఆపి ఊదుతాం. జాలీ పూడితే ఇంజను ఉడికిపోతుంది. వేడి ఇంజను మీద నీళ్లు పోయకండి.

డెక్ కింద గడ్డి పచ్చిగా ఉన్నప్పుడే గీకేస్తే అయిదు నిమిషాల పని, మర్నాటికి అరగంట పని. ఎయిర్ ఫిల్టర్ దులిపి పెట్టండి.

సంచిలో గుప్పెడు గడ్డి కూడా రాత్రికి మిగలనివ్వకండి. మిగిలితే తెల్లారేసరికి ఆవిరి పట్టి, గుడ్డకు బూజు, ఫ్రేముకు తుప్పు వస్తాయి. దులిపి, ఆరబెట్టి, షెడ్డు పైకప్పుకు కొక్కెం కొట్టి మూతి కిందికి ఉండేలా వేలాడదీయండి. నేలమీద మడిచి పెట్టారా, ఎలుకలు తిరిగి వస్తాయి.